ఎడారిలో పామ్ మొక్క ఆకుల కొసలు ఎందుకు మాడతాయి?

కోనసీమ నుంచీ, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచీ కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవారిలో విల్లాల తోటపని చూసేవారున్నారు, కుటుంబంతో స్థిరపడి బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకున్నవారూ ఉన్నారు. వారు ఇంటికి ఫోను చేసినప్పుడు మొక్కల మాట వస్తే ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది: “రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను అన్నయ్యా, అయినా పామ్ మొక్క ఆకుల కొసలు మాడిపోతున్నాయి.” ఇక్కడినుంచి వెళ్ళే జవాబూ ఒకేలా ఉంటుంది: “ఎండ ఎక్కువ కదరా, ఇంకో చెంబు పొయ్యి.” ఈ సలహా ఒక్కోసారి మొక్కను బతికిస్తుంది, చాలాసార్లు దాని చావును దగ్గర చేస్తుంది. కొస మాడడమనే ఒక్క లక్షణం వెనుక దాహం ఉండవచ్చు, ఉప్పు ఉండవచ్చు, ఉడికిన వేరో ఊపిరాడని వేరో ఉండవచ్చు, పోషకలోపం ఉండవచ్చు, నీడన పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టడం ఉండవచ్చు. వీటిలో ఒకదానికి పనికొచ్చే చికిత్స మరొకదాన్ని ముదరబెడుతుంది.

కొబ్బరి తోటల నడుమ పెరిగినవారికి ఈ చిక్కు కొత్తగా తోచడానికి కారణం వారి అనుభవం తక్కువ కావడం కాదు. గోదావరి డెల్టాలో చెట్టుకు కావలసిన పనుల్లో సగం మనిషి చేయడు. ఏటా 1,100 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన నేలలోని ఉప్పును కిందికి కడిగేస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువలు తీపినీటిని తోట గట్టు దాకా తెస్తున్నాయి. చాలా ఊళ్ళలో కొద్ది అడుగులు తవ్వితేనే చెమ్మ తగులుతుంది కనుక, వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో కూడా కొబ్బరివేరు తన దారి తాను చూసుకుంటుంది. ఏడాదంతా కలిపి 100 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే గల్ఫ్ నేలలో ఈ పనులన్నీ తోటమాలి చేతిమీదికి వస్తాయి. అక్కడి పెంపకాన్ని అర్థం చేసుకోవడమంటే, ఇక్కడ వానా ఏరూ చెప్పకుండా చేసిపెడుతున్న పనులేమిటో ముందు గుర్తించడమే.

మొదట మొక్క నిర్మాణం. పామ్ కుటుంబంలోని కొబ్బరి, తాటి, ఈత, పోక, ఖర్జూరం, జీలుగు అన్నీ ఏకదళబీజాలు. మామిడికో వేపకో ఉన్నట్టు వీటి కాండంలో ఏటేటా కొత్త పొర పోసే కణజాలం ఉండదు. కాండానికి గాయమైతే అది పూడదు, జీవితాంతం గాయంగానే మిగిలిపోతుంది. ఒంటి కాండపు రకాలకు ఎదుగుదల చోటు ఒక్కటే, తల మధ్యలోని మొవ్వు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. ఖర్జూరం, ఎరికా పామ్ వంటివి పిలకలు వేస్తాయి కనుక వాటికి ఒక అవకాశం అదనంగా ఉంటుంది. వేరుకు తల్లివేరంటూ లేదు. కాండం అడుగున ఉన్న ఒక పట్టీ నుంచి తాడులాంటి వేళ్ళు వందల కొద్దీ బయలుదేరుతాయి, పుట్టినప్పుడున్న లావే చివరిదాకా ఉంటుంది. తెగిన వేళ్ళలో చాలావాటి బదులు కొత్తవి ఆ పట్టీ నుంచే పుట్టాలి. అందుకే చిన్న పామ్ మొక్క విషయంలో కాపాడవలసిన చోట్లు రెండే: పైన మొవ్వు, కింద ఆ వేళ్ళ పట్టీ. ఆకులు ఎన్ని మాడినా ఈ రెండూ బాగుంటే మొక్క కోలుకుంటుంది.

ఇక ఎండ. ఖర్జూరానికి కాళ్ళు నీళ్ళలో, తల నిప్పుల్లో ఉండాలని అరబ్బుల్లో ఒక నానుడి ఉంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది; అలాంటి వేడి ఉన్న ప్రాంతంలోనే ఖర్జూర తోటలు తరతరాలుగా కాస్తున్నాయి. కాబట్టి పాదరసం ఎంత పైకి పోయిందన్న దానికంటే, గాలి ఆకు నుంచి ఎంత తేమను లాగుతోందన్నది ముఖ్యం. అమలాపురంలో ఉక్కపోసే రోజున 33 డిగ్రీల వేడి, గాలిలో 75 శాతం తేమ ఉన్నాయనుకుందాం. కువైట్ లోతట్టున 46 డిగ్రీల వేడి, 10 శాతం తేమ ఉన్నాయనుకుందాం. భౌతికశాస్త్ర సూత్రం ప్రకారం లెక్కిస్తే రెండోచోట గాలి దాహం మొదటిచోటికి సుమారు ఏడు రెట్లు. అంత లాగుడుకు వేరు నీటిని అందించలేనప్పుడు ఆకు తన రంధ్రాలను మూసుకుంటుంది, ఆ మూతతో చల్లబడే మార్గమూ పోతుంది, నీటిదారికి చిట్టచివర ఉన్న కొస ముందుగా మాడుతుంది.

ఈ తేడాకు కళ్ళముందున్న సాక్ష్యం ఒమన్. ఆ దేశపు దక్షిణాన ఉన్న సలాలాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ అని పిలిచే రుతుపవనం మంచుతెరలా కమ్ముకుంటుంది, జల్లులు పడతాయి; అక్కడ కొబ్బరి, అరటి తోటలు పెరుగుతాయి, రోడ్డు పక్కన బొండాలు కొట్టి అమ్ముతారు. ఉత్తరాన, లోతట్టున ఉన్న నిజ్వాలో మాత్రం తోట అంటే ఖర్జూరమే. దుబాయ్, మస్కట్ తీరాల పరిస్థితి మళ్ళీ వేరు: ఆగస్టు రాత్రుల్లో అక్కడి ఉక్క మన సముద్రతీరాన్ని మించిపోతుంది, ఆకుమీద ఉప్పుగాలి పేరుకుంటుంది. గల్ఫ్ అంతా ఒకటే వాతావరణం అనుకుని సలహా ఇవ్వడం సరికాదు.

నీటి సంగతికి వద్దాం. ఇసుక తన ఘనపరిమాణంలో సుమారు పదోవంతు నీటినే పట్టి ఉంచగలదు. మీటరు వెడల్పున్న పాదులో అరవై సెంటీమీటర్ల లోతు దాకా తడవాలంటే దాదాపు 470 లీటర్ల ఇసుకకు 47 లీటర్ల నీరు, అంటే పెద్ద బకెట్లు రెండుకు మించి, పోయాలి. అదే పాదులో రోజూ ఐదు లీటర్లు పోస్తే తడిసేది పైన ఆరు సెంటీమీటర్లే. జూన్ ఎండకు ఆ పొర సాయంత్రానికల్లా వేడెక్కి ఆరిపోతుంది; వేళ్ళు తడి ఉన్నచోటికే పోతాయి కనుక అవీ పైపొరలోనే గుమిగూడి మాడతాయి. రోజూ చెంబుడు పోసే అలవాటు డెల్టాలో చెల్లుతుంది, ఎందుకంటే ఇక్కడ కింది నుంచి చెమ్మ ఎగబాకుతుంది. ఎడారిలో నిలదొక్కుకున్న మొక్కకు అరుదుగా, లోతుగా పెట్టాలి.

అయితే ‘అరుదుగా’ అన్న మాట కొత్తగా నాటిన మొక్కకు వర్తించదు, చాలామంది పొరబడేది ఇక్కడే. కుండీలోంచి తీసి నాటిన మొక్క వేళ్ళు మొదటి వారాల్లో పాత మట్టిగడ్డలోనే ఉంటాయి. చుట్టూ ఉన్న ఇసుక తడిగా ఉన్నా ఆ గడ్డ లోపల ఎండిపోయి ఉండవచ్చు, ముఖ్యంగా అది కొబ్బరి పొట్టుతో నింపిన గడ్డ అయితే ఒకసారి పూర్తిగా ఆరాక నీటిని సులువుగా పీల్చుకోదు. కనుక మొదట్లో రోజూ, నిప్పులు చెరిగే రోజుల్లో అవసరమైతే రెండు పూటలా, గడ్డమీదా దాని చుట్టూ కూడా నీరు పెట్టి, కొత్త ఆకు కదిలినట్టు కనిపించిన తర్వాత క్రమంగా ఎడం పెంచుతూ, ప్రతిసారీ పోసే పరిమాణాన్ని పెంచాలి. డ్రిప్ ఉంటే దాని చుక్కగొట్టాలను మొక్కతోపాటు బయటికి జరపాలి. నాటిన రోజు మొక్క మొదట్లో పెట్టిన ఒక్క గొట్టమే మూడేళ్ళ తర్వాతా అక్కడే ఉండడం చాలా తోటల్లో చూస్తాం. ఎంత లోతు తడిసిందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. నీరు పెట్టిన గంట తర్వాత సన్నని ఇనుప చువ్వను పాదులో గుచ్చితే తడి ఉన్నంతమేర సులువుగా దిగుతుంది, పొడి ఇసుక తగలగానే ఆగిపోతుంది.

ఇప్పుడు ఉప్పు. ఎడారి పెంపకంలో అన్నిటికంటే తక్కువగా అర్థమయ్యేదీ, ఎక్కువ మొక్కల ప్రాణం తీసేదీ ఇదేనని నా అభిప్రాయం. లీటరుకు ఒక గ్రాము కరిగిన ఉప్పులున్న నీరు నోటికి కొంచెం ఉప్పగా తోస్తుందంతే. గల్ఫ్ బావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉప్పున్న నీళ్ళు మామూలు. ఆ ఒక్క గ్రాము నీటినే రోజుకు ఐదు లీటర్లు పోస్తే పాదులోకి ఏడాదిలో 1.8 కిలోల ఉప్పు చేరుతుంది. మొక్క నీటిని తాగి ఉప్పులో చాలా భాగాన్ని వేరు బయటే వదిలేస్తుంది, ఎండ మిగతా నీటిని ఆవిరి చేస్తుంది, ఉప్పంతా ఆరు సెంటీమీటర్ల పొరలోనే ఉండిపోతుంది. అప్పుడు మట్టి తడిగానే ఉన్నా వేరు ఆ నీటిని లాక్కోలేదు. బయటికి కనిపించేది దాహం లక్షణమే. కనుక ఇంకో చెంబు పడుతుంది, దాంతో ఇంకొంచెం ఉప్పు.

కోనసీమవాసులకు ఇది పూర్తిగా తెలియని సంగతి కాదు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిను వెంట సముద్రపు పోటునీరు ఎగదన్ని తోటల్లో నిలిచినచోట కొబ్బరిచెట్ల తలలు వాలిపోయి మోడులైన దృశ్యం అందరూ చూసినదే. అక్కడ ఉప్పు ఒక్కసారిగా కాలువ వెంట వచ్చింది. గల్ఫ్ కుండీలో చెంబు వెంట రోజుకు ఐదు గ్రాముల చొప్పున వస్తుంది, తేడా అంతే. దానికి విరుగుడు కడగడం. పోసే నీటిలో కనీసం ఐదో వంతో ఆరో వంతో వేళ్ళను దాటి కిందికి పోయేలా పెట్టాలి; నీరు ఉప్పగా ఉంటే నెలకోసారి రెట్టింపు నీరు నిదానంగా పారించి పాదును కడగాలి. కుండీ అయితే అడుగు రంధ్రంలోంచి నీరు ధారాళంగా వచ్చేదాకా పోసి, కింది పళ్ళెంలో చేరినదాన్ని పారబోయాలి; అదే పళ్ళెంలో వదిలేస్తే కడిగిన ఉప్పు తిరిగి పైకి ఎక్కుతుంది. మట్టి అంచున తెల్లగా అట్టకట్టిన పొర కనిపిస్తే నీరు పారించి దాన్ని లోపలికి నెట్టకూడదు, ముందు గీకి తీసేయాలి.

కడిగిన నీరు పోవడానికి దారి ఉండాలి కదా, ఆ దారే చాలాచోట్ల లేదు. గల్ఫ్ నేలల్లో అడుగు, రెండడుగుల కింద సున్నంతో గట్టిపడిన పొర తగలడం మామూలు. పైన ఇసుక చూసి నీరు ఇంకుతుందనుకుంటాం. గుంట మాత్రం అడుగున రాయి పరిచిన తొట్టిలా మిగిలిపోతుంది. నాటే ముందు గుంట నింపి, ఇంకిన తర్వాత మళ్ళీ నింపి చూడాలి. మర్నాటికీ నీరు నిలిచి ఉంటే గునపంతో ఆ పొరను పగలగొట్టాలి, కుదరకపోతే చోటైనా మార్చాలి. ఇంకో డెల్టా అలవాటు లోతు గుంట. కొబ్బరి మొక్కను మీటరు లోతు గుంటలో కిందుగా పెట్టి, పెరిగే కొద్దీ మట్టి నింపుతూ రావడం మనకు మామూలు. చిన్న అలంకరణ పామ్ మొక్కను అలా పూడిస్తే వేళ్ళ పట్టీకి గాలి అందదు, మొక్క ఏళ్ళ తరబడి పసుపు బారి, కారణం తెలియకుండా చనిపోతుంది. కుండీలో మట్టి ఎక్కడిదాకా ఉందో నేలలోనూ అక్కడిదాకానే ఉండాలి. పాదు గట్టు మాత్రం నీరు ఆగేంత ఎత్తుగా కట్టి, మొవ్వులోకి నీరు చేరకుండా చూడాలి.

వేరు ఉడకడం గురించి రెండు మాటలు. నేలలో నాటిన మొక్కకు అడుగు లోతు ఇసుకే గొడుగు. నల్ల ప్లాస్టిక్ కుండీకి ఆ గొడుగు లేదు. పడమటి ఎండ నేరుగా తగిలేవైపు కుండీ గోడను ఆనుకున్న మట్టి 50 డిగ్రీలు దాటగలదు, 45 దాటితేనే చాలా మొక్కల వేళ్ళు దెబ్బతింటాయి. కుండీని మరో పెద్ద లేత రంగు కుండీలో పెట్టి మధ్య ఖాళీని ఇసుకతో నింపడం, పైన ఎండు మట్టల ముక్కలు, కొబ్బరి డొక్కలు కప్పడం, పడమటి గోడకు దూరంగా జరపడం చవకైన ఉపాయాలు. నీటి వేడినీ చూసుకోవాలి. గల్ఫ్ వేసవిలో మేడమీది ట్యాంకు నీరు ఎంత కాగుతుందంటే, గీజరు ఆపేసి, ఇంటి లోపల ఏసీ చల్లదనంలో ఉన్న దాని తొట్టి నీటిని చల్లనీళ్ళుగా వాడుకోవడం అక్కడివారికి అలవాటు. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీరు అంతకంటే వేడి. చేతిమీద పోసుకుని చూశాకే మొక్క వైపు తిప్పాలి. తెల్లవారుజామున పెట్టడం అన్నివిధాలా మేలు.

ఇన్ని కారణాలను వేరుచేసి చూసే పద్ధతి ఒకటుంది: ఏ ఆకు, ఆకులో ఏ భాగం, మట్టి తడా పొడా అన్న మూడు ప్రశ్నలు. ఈనెకు ఇరువైపులా ఆకు దోనెలా ముడుచుకుని, చువ్వ గుచ్చితే మట్టి పొడిగా ఉంటే అది దాహమే. మట్టి తడిగా ఉండి, పాత ఆకుల కొసలూ అంచులూ గీత గీసినట్టు గోధుమరంగుకు మారితే ఉప్పును అనుమానించాలి. పడమటి ముఖంగా ఉన్న ఆకుల నడుమ తెల్లబారిన మచ్చలు పడి, నీడవైపు ఆకులు పచ్చగా ఉంటే అది ఎండదెబ్బ; మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు కానీ, అక్కడే పుట్టి విచ్చుకున్న కొత్త ఆకు ఆ ఎండకు తట్టుకునేలా తయారవుతుంది. మట్టి తడిగా ఉండి కుళ్ళువాసన కొడుతూ, నడిమి సూదాకును, అంటే ఇంకా విచ్చుకోని ఆకును, మెల్లగా లాగితే ఊడి చేతిలోకి వస్తే అది మొవ్వు కుళ్ళు, అప్పుడు చేయగలిగింది తక్కువ. మొక్క బతికి ఉందా అన్న అనుమానం వస్తే సూదాకు మీదా, పక్క మట్ట మీదా ఒకే ఎత్తులో పెన్నుతో గీత గీసి వదిలేయాలి. వేసవిలో పది రోజులకు ఆ రెండు గీతల మధ్య ఎడం కనిపిస్తే పైన ఎన్ని ఆకులు ఎండినా కంగారు లేదు.

పోషకాల లోపం కూడా ఇదే దారిలో పట్టుబడుతుంది. పొటాషియం చాలనప్పుడు అన్నిటికంటే పాత ఆకుల మీద ముందు నారింజరంగు చుక్కలు వచ్చి, ఆ తర్వాత కొసలు ముడుచుకుని ఎండుతాయి. మెగ్నీషియం లోపంలో పాత ఆకు అంచున వెడల్పాటి పసుపు పట్టీ వచ్చి నడుమ పచ్చగానే ఉంటుంది. దీనికి భిన్నంగా ఇనుము, మాంగనీసు లోపాలు కొత్త ఆకుల్లో కనిపిస్తాయి: ఇనుము తక్కువైతే ఆకు లేతగా పాలిపోతుంది, మాంగనీసు తక్కువైతే చిట్లి, కాలినట్టు వంకరపోయి వస్తుంది. సున్నం ఎక్కువైన ఎడారి మట్టిలో ఈ రెండూ ఉన్నా వేరుకు అందని రూపంలో ఉంటాయి, కాబట్టి క్షారనేలలోనూ పనిచేసే ఈడీడీహెచ్ఏ రకపు ఇనుప చిలేటు (ఇనుమును వేరుకు అందే రూపంలో పట్టి ఉంచే ఎరువు), మాంగనీసు సల్ఫేటు అవసరపడతాయి. మన కొబ్బరికి వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడు ఉంటుంది. ఉప్పుతో సతమతమయ్యే నేలలో దాని బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. కొబ్బరికి బోరాన్ కోసం బోరాక్స్ వేసే అలవాటును కూడా అక్కడికి తీసుకుపోకూడదు, ఎడారి నేలల్లో, నీళ్ళలో బోరాన్ ఇప్పటికే ఎక్కువగా ఉండే అవకాశముంది. పచ్చి గెత్తం అసలు వద్దు.

పాత ఆకు పసుపుబారగానే నరికేయడం చూడటానికి శుభ్రంగా ఉంటుంది, మొక్కకు మాత్రం నష్టం. పొటాషియం చాలని మొక్క పాత ఆకులోని నిల్వను తీసి కొత్త ఆకుకు పంపుకుంటుంది. ఆ ఆకును తీసేస్తే పైదాన్నుంచి లాగడం మొదలుపెడుతుంది, లోపం మెట్టుమెట్టుగా మొవ్వు వైపు ఎక్కుతుంది. పూర్తిగా ఎండి వేలాడేదాన్నే తీయాలి. ఇందుకు ఇంకో బలమైన కారణమూ ఉంది, అది మన వైపు నుంచి వెళ్ళినదే. కొబ్బరిని తొలిచే ఎర్రముక్కు పురుగు దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందినది. మొక్కలతోపాటు ప్రయాణించి 1980ల నడుమ గల్ఫ్ ఖర్జూరాల్లో స్థిరపడి, 1990లలో ఈజిప్టు, స్పెయిన్ దాకా పాకింది. పచ్చి గాయం వాసనకు తల్లి పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు కాండం లోపలే తింటూ బయటికి ఏమీ తెలియనివ్వవు. కాండం మీద గోధుమరంగు జిగురు కారడం, నమిలిన పీచు బయటపడడం, పులిసిన వాసన రావడం దీని గుర్తులు.

రకం ఎంపిక దగ్గరే సగం కష్టం తప్పించుకోవచ్చు. కడియం, కడియపులంక నర్సరీల్లో అందంగా కనిపించే పామ్‌లలో చాలావాటి సొంత ఊళ్ళు తేమ ప్రదేశాలు: ఎరికా పామ్ మడగాస్కర్‌ది, బాటిల్ పామ్ మారిషస్ దగ్గరి చిన్న దీవిది, మరుగుజ్జు ఖర్జూరంగా అమ్మే రోబెలిని మెకాంగ్ నది ఒడ్లది. రోబెలిని పేరులో ఖర్జూరం ఉన్నంత మాత్రాన ఎడారి మొక్క కాదు. మధ్యాహ్నపు నీడా తీపినీరూ ఉంటేనే అక్కడ పచ్చగా ఉంటుంది. గుబురుగా, పొట్టిగా ఉండే రకమే కావాలనుకుంటే మధ్యధరా తీరపు కమెరాప్స్, బలూచిస్తాన్, ఇరాన్, అరేబియా కొండల మజారి పామ్ ఎండకూ చలికీ కూడా ఓర్చుకుంటాయి. రెండూ నిదానంగా పెరుగుతాయి, ఓపిక ఉండాలి. చోటున్నవారికి ఖర్జూరపు పిలకను మించినది లేదు. ఉప్పును అది భరించినంతగా మరే పండ్లచెట్టూ భరించదు. నాటిన పిలకకు తొలి వేసవిలో, తొలి చలికాలంలో గోనెపట్టా చుట్టి మొవ్వు కొస మాత్రం బయటికి వదలడం అక్కడి రైతుల పాత పద్ధతి.

నాటే కాలం కూడా మారుతుంది. తొలకరి పడగానే మొక్క పెట్టడం మనకు సహజం. గల్ఫ్‌లో జూన్ నెల చిన్న మొక్కకు అన్నిటికంటే చెడ్డది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గానీ, సెప్టెంబరు చివర, అక్టోబరులో గానీ నాటితే నేల వెచ్చగా ఉండి వేళ్ళు పుడతాయి, గాలి మాత్రం అంతగా పీల్చదు. నర్సరీలో గ్రీన్ షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెట్టక, ముందు ఉదయపు ఎండ మాత్రమే తగిలేచోట కొన్ని వారాలు ఉంచి, మెల్లగా జరపాలి. కువైట్ వంటిచోట జనవరి రాత్రి చలి సున్నా దగ్గరికి పోవచ్చు కనుక, బాటిల్ పామ్, ఎరికా వంటి ఉష్ణమండలపు రకాలను ఆ కొద్ది వారాలూ గోడ చాటుకు చేర్చి, నీరు తగ్గించి, ఎరువు ఆపాలి.

కడియం మొక్కనే సూట్‌కేసులో పెట్టుకుపోదామన్న ఆలోచన మాత్రం మానుకోవాలి. మొక్క ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా గల్ఫ్ విమానాశ్రయాలు దాన్ని రానివ్వవు, ఎర్రముక్కు పురుగు వ్యాపించిన తీరు చూస్తే ఆ నిబంధన అర్థం లేనిదేమీ కాదు. అక్కడి నర్సరీలోనే కొనేటప్పుడు ఆకుల నిగనిగ చూసి మోసపోకుండా, సూదాకు నిటారుగా గట్టిగా ఉందా, కాండం మొదట్లో కన్నాలూ జిగురూ ఉన్నాయా, మొక్కను కుండీ నుంచి కొంచెం పైకెత్తితే వేళ్ళ కొసలు తెల్లగా ఉన్నాయా నల్లగా మెత్తబడ్డాయా అన్నవి చూసి తెచ్చుకోవాలి.